ఎక్స్యూడ్ అంటే ఏమిటని అడిగావు కదా

పర్లాకిమిడి
ఆదివారం పొద్దున్న

చిరంజీవి చిన్నబాబుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మహేంద్రతనయలో నీళ్లు తగ్గాయి గానీ మన నూతిలో ఊట బాగానే ఉంది. అమ్మ మోకాళ్లు కాస్త నయం. పెద్దప్ప వాళ్లు పండక్కి వస్తామన్నారు. నీ గదిలో పుస్తకాలకి చెద పట్టకుండా వేపాకు మార్చాను.

19 రోజుల కిందట నువ్వు ఒక మెసేజి పెట్టావు. "నాన్నా, ఎక్స్యూడ్ అంటే ఏమిటి? ఊరికే అడుగుతున్నా" అని. "బయటికి ఊరడం" అని రెండు మాటల్లో జవాబిచ్చాను. నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టావు. అంతే, ఆ తరవాత నీ దగ్గర్నుంచి కబురు లేదు. ఫోను చేస్తే ఎత్తవు, సాయంత్రానికి "మీటింగులో ఉన్నా" అని వస్తుంది. ఆ మాటకి అంత పొట్టి జవాబు ఇచ్చి ఉండకూడదు. అందుకని ఇవాళ తీరుబడిగా కూర్చుని రాస్తున్నాను.

ముందు పలకడం సరిగ్గా నేర్చుకో. రాయడానికి ఎక్స్యూడ్ (exude) అని రాస్తాం గానీ, నోటితో అనాల్సింది ఇగ్‌జ్యూడ్. ఊనిక, అంటే నొక్కి పలకడం, రెండో ముక్క మీద. ఎక్స్ అక్షరం తరవాత అచ్చు ఉండి, ఊనిక కూడా ఆ అచ్చు మీదే పడితే "క్స్" కాస్తా "గ్జ్" అవుతుంది. ఎగ్జామ్, ఎగ్జాక్ట్, ఎగ్జిస్ట్ అన్నీ అలాంటివే. ఊనిక మొదటి ముక్క మీద ఉంటే "క్స్" అలాగే నిలుస్తుంది, ఎక్సర్‌సైజ్ లాగ. డాక్టరు దగ్గర ఈ మాట అనాల్సి వస్తే తడబడకుండా అను.

ఇక పుట్టుక. లాటిన్‌లో సూదోర్ అంటే చెమట, సూదారే అంటే చెమటపట్టడం. ముందు ఎక్స్ చేరితే "బయటికి". రెండూ కలిసి ఎక్స్‌సూదారే, అంటే చెమటలాగ బయటికి రావడం. ఆ ఎక్స్ పక్కన ఉండాల్సిన ఎస్ ఏమైందంటావా? ఎక్స్ అక్షరం పలికితేనే చివర "స్" వినపడుతుంది కదా, ఇంకో ఎస్ ఎందుకని రాతలో వదిలేశారు. ఇలా ఎస్ పోగొట్టుకున్న మాటలు ఇంకా ఉన్నాయి. ఎక్స్‌పెక్ట్‌లో ఉన్నది స్పెక్తారే, చూడడం. ఎగ్జిస్ట్‌లో సిస్తెరే, నిలబడడం. ఎగ్జల్ట్‌లో సల్తారే, గెంతడం. ఎక్సిక్యూట్‌లో సెక్వీ, వెంబడించడం. ఎక్స్ తరవాతి ముక్కకి అర్థం దొరక్కపోతే ముందు ఒక ఎస్ చేర్చి చూడమని క్లాసులో పిల్లలకి చెప్పేవాణ్ని. చాలాసార్లు తలుపు తెరుచుకుంటుంది.

ఈ మాట 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. దానికి అక్కడ ముందునుంచే ఒక తోబుట్టువు ఉంది, స్వెట్. మనకేమో సంస్కృతం నుంచి స్వేదం ఉంది. లాటిన్ సూదోర్, ఇంగ్లీషు స్వెట్, సంస్కృత స్వేదం, మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవి. గ్రీకులో అదే మాట హిద్రోస్ అయింది. మొదట్లో ఉన్న స కారం గ్రీకులో హ కారంగా మారుతుంది, మన సప్త వాళ్ల హెప్త అయినట్టు. అందుకే అతిగా చెమట పట్టే జబ్బుని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. నీళ్లకి సంబంధించిన హైడ్రో వేరు, చెమటకి సంబంధించిన ఈ హైడ్రో వేరు. ఇంగ్లీషులో రాసినప్పుడు ఒకదానిలో వై, ఇంకోదానిలో ఐ ఉంటుంది, చూసుకో. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒక కుదురునుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ కలకత్తాలో చెప్పింది 1786 ఫిబ్రవరి 2న. అప్పట్లో ఆయన అక్కడ జడ్జి.

తెలుగు ఆ కుదురుది కాదు. ఆ సంగతి మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లో నిరూపించాడు. అయినా మన భాష చేసిన పని చూడు. చెమ్మ, చెమట, చెమర్చు. తడికీ, ఒంటినుంచి వచ్చే నీటికీ, మెల్లగా తడి పైకి తేలడానికీ ఒక్క కుటుంబం మాటలే వాడుకుంది. లాటిన్ వాళ్లు చెమటనుంచి ఎక్స్‌సూదారే చేసుకున్నట్టే మనవాళ్లు చెమ్మ నుంచి చెమర్చు చేసుకున్నారు. ఎక్స్యూడ్‌కి తెలుగు మాట ఒక్కటే చెప్పమంటే ఇప్పుడు నేను చెమర్చడమనే అంటాను. ఆవేళ తొందరలో ఊరడమన్నాను, అది సగమే సరి. ఊరడం అడుగునుంచి పైకి రావడం: చెలమలో నీరు ఊరుతుంది, నోరు ఊరుతుంది. చెమర్చడం ఒంటి నిండా ఉన్న సన్న రంధ్రాలగుండా పైకి తేలడం. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసినప్పటినుంచి రెండు భాషల్లోనూ బతుకుతున్నాం గనక ఒడియా మాట కూడా చెబుతాను. చెమటని వాళ్లు ఝాళ అంటారు, చెట్టు జిగురుని అఠా అంటారు.

మన వంటింటి గడప పక్కన కొత్త కుండ పెట్టాం. ఎండాకాలం ముందే కొన్నాను, నీకు ఫ్రిజ్ నీళ్లు పడవు గనక. పొద్దున్న నీళ్లు పోశాక ఒక అరగంట దాని పక్కన కూర్చుని చూడు. మొదట నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అంతవరకు మట్టిరంగు ముదురుతుంది. తరవాత ఆ ముదురు చోట వేలు పెడితే చల్లగా, తడిగా తగులుతుంది గానీ చుక్క కనపడదు. ఇంకా కాసేపటికి పొట్ట కింది భాగంలో సన్నని పూసలు తేలతాయి. ఎక్కడా చిల్లు లేదు, పగులు లేదు. కుండ ఒళ్లంతా చెమర్చింది. అదీ ఎక్స్యూడ్. పైకొచ్చిన ఆ తడి గాలికి ఆరుతూ కుండలోని వేడిని పట్టుకుపోతుంది, అందుకే నీళ్లు చల్లబడతాయి. నూనె చేత్తో తోమితే రంధ్రాలు పూడుకుపోయి కుండ చెమర్చదు, నీళ్లు చల్లబడవు. అదే కుండకి పగులుంటే కారుతుంది, దాన్ని లీక్ అనాలి. రెండూ ఒకటి కావు.

ఇలాంటి తేడాలు నీకు తెలియాలి. ఊజ్ అంటే చిక్కగా, నెమ్మదిగా కారడం. బురద, జిగురు, నెత్తురు. దాని క్రియ పాత ఇంగ్లీషులో రసం, పసరు అనే అర్థమున్న మాటనుంచి వచ్చింది. సముద్రం అడుగు బురదని కూడా ఊజ్ అంటారు గానీ ఆ నామవాచకం బురద అనే అర్థమున్న వేరే పాతమాట. ధ్వని ఒకటయ్యాక జనం రెండిటినీ కలిపేశారు. సీప్ అంటే ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి ఇంకడం, వానకాలంలో మన పడమటి గోడలోకి వచ్చే నీరు లాగ. సిక్రీట్ అంటే ఒక గ్రంథి పనిగట్టుకుని తయారుచేసి వదలడం. గజపతులు ఏలిన ఊరివాడివి, ఏనుగు మదజలం సంగతి నీకు చెప్పక్కర్లేదు. కణత లోపలి గ్రంథి దాన్ని తయారుచెయ్యడం సిక్రీట్. అది చర్మం మీదికి తేలి చెంప మీద నల్లటి చార కట్టేది ఊజ్ లేదా ఎక్స్యూడ్. లాలాజలం, జీర్ణరసం సిక్రీట్ అవుతాయి. పుండునుంచి వచ్చే నీరు ఎక్స్యూడ్ అవుతుంది.

పుండు అన్నాను గనక అడుగుతున్నాను. ఈ మాట నీకు ఎక్కడ కనపడింది? నవల చదివే అలవాటు నీకు లేదు. ఆఫీసు ఉత్తరాల్లో ఈ మాట రాదు. ఊరికే అడిగే మాట కాదిది, చిన్నబాబూ.

గురువారం గుణుపురం అత్త ఫోను చేసింది. వాళ్ల రెండోవాడు పుణేలో నిన్ను చూశాడట, ఎడంకాలికి మోకాలి కిందినుంచి కట్టు ఉందట, మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నావట. "ఏటన్నయ్యా, గుంటడు బండి మీంచి పడ్డాడని మీకు తెలీదేటి?" అంది. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. అమ్మకి ఆ రోజు చెప్పలేదు. మర్నాడు నీ మెసేజి గుర్తొచ్చి చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుని ఆ మెసేజి తారీకు చూసింది. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. "కాలి మీద కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీసేస్తారు. మూడు వారాలు కావస్తున్నా కట్టు ఎందుకుంది?" అంది. ఇప్పుడు నా పక్కనే కూర్చుంది. ఇకమీద రాసేది సగం తనది.

డాక్టర్లు నామవాచకంగా ఎక్స్యుడేట్ అంటారు. తెలుగులో దానికి చక్కని మాట ఉంది, రసి. పుండు రసి కారుతోందంటాం. రసి వేరు, చీము వేరు. దెబ్బ తగిలిన చోట సన్న రక్తనాళాల గోడలు వదులవుతాయి, వాటిలోంచి నీరూ, మాంసకృత్తులూ, తెల్ల కణాలూ బయటికొస్తాయి. అది ఒళ్లు చేసే వైద్యం. మొదటి రెండు మూడు రోజులు రసి రావడం మామూలే. డాక్టరు కాగితంలో సీరస్ అని ఉంటే పల్చగా, లేత పసుపు నీళ్లలాంటిదని. సాంగ్వినస్ అంటే నెత్తురు. రెండూ కలిసి లేత గులాబి రంగులో ఉంటే సీరో-సాంగ్వినస్, కొత్త గాయానికి అదీ మామూలే. ప్యూరులెంట్ అని ఉంటే మాత్రం చీము. చిక్కగా, ముదురు పసుపుగానో పచ్చగానో ఉంటుంది, వాసన వేస్తుంది. సోకేజ్ అని రాసి ఉంటే కట్టు ఎంత తడిసిందో చెప్పడం. నీ కాగితంలో ఇందులో ఏది ఉందో ఆ అక్షరాలు చూసి నాకు రాసి పంపు.

ఇదే సూదారే నుంచి వచ్చిన ఇంకో మాట ట్రాన్స్యుడేట్. ట్రాన్స్ అంటే అడ్డంగా, గుండా. తాతయ్యకి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినప్పుడు తీసి పరీక్షకి పంపారు, గుర్తుందా? ఆ నీటిలో ప్రోటీను, రక్తంలో ఉన్నదానిలో సగానికి మించి ఉంటే ఎక్స్యుడేట్, అంటే వాపో ఇన్‌ఫెక్షనో ఉందని. తక్కువ ఉంటే ట్రాన్స్యుడేట్, గుండె బలహీనపడి ఒత్తిడి పెరగడం లాంటి కారణమని. ముందు చేరిన చిన్న ఉపసర్గ వైద్యాన్నే మార్చేస్తుంది. మాటలో ఒక ముక్కని చిన్నదని తీసెయ్యకూడదని నేనెప్పుడూ చెప్పేది ఇందుకే.

నువ్వు పుండు ఆరబెడుతున్నావేమోనని అమ్మ భయం. రాత్రి కట్టు విప్పి ఫ్యాను కింద పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది తప్పు. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగం నేచర్ పత్రికలో వేశాడు. తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి ఆరబెట్టిన వాటికంటే దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. ఎండిన పొక్కు కింద చర్మం దారి వెతుక్కోవాలి, తడిలో అయితే జారుకుంటూ వస్తుంది. అలాగని ఓవరు తడీ మంచిది కాదు. కట్టు పూర్తిగా నానిపోయి గంటలకొద్దీ ఉంటే చుట్టూ ఉన్న మంచి చర్మం బట్టలుతికిన వేళ్లలాగ తెల్లబడి ముడతలు పడుతుంది. అలా కనిపిస్తే కట్టు ఇంకా తొందరగా మార్చాలి.

మార్చే పద్ధతి అమ్మ చెబుతోంది, రాస్తున్నాను. సబ్బుతో చేతులు 20 సెకన్లు కడుక్కో. పాత కట్టు అంటుకుని ఉంటే లాగకు, లాగితే కొత్త చర్మం కూడా వచ్చేస్తుంది. సెలైన్ పోసి రెండు నిమిషాలు నాననిచ్చి ఒక అంచునుంచి మెల్లగా తియ్యి. సెలైన్ మందుల షాపులో దొరికేదే కొను, అదే లీటరుకి 9 గ్రాముల ఉప్పు లెక్కకి సరిగ్గా ఉంటుంది. పైనుంచి కిందికి ధారగా పొయ్యి. గాజ్ అనే పల్చటి జాలిగుడ్డతో చుట్టూ అద్దు, రుద్దకు. దూది నేరుగా పుండు మీద పెట్టకు, పీచు లోపల చిక్కుకుంటుంది. ముందు అంటుకోకుండా జిడ్డు పట్టించిన పారఫిన్ గాజ్ గుడ్డ, దాని మీద మామూలు గాజ్ మడత, ఆ పైన కట్టు. మరీ బిగించకు. కట్టాక కాలివేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యకు. అవి క్రిములతోపాటు కొత్త కణాల్నీ కాలుస్తాయి. పసుపు, కాఫీపొడి, పళ్లపొడి ఎవరు చెప్పినా వద్దు. నీ గదిలో ఉండే కుర్రాళ్లు ఏదో ఒకటి చెబుతారు, వినకు.

చుట్టూ ఎర్రదనం ఉంటే దాని అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గియ్యి. మర్నాటికి ఎరుపు గీత దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. 100.4 దాటిన జ్వరం, కాలిమీదుగా పైకి పాకే ఎర్ర చార, పెరుగుతున్న నొప్పి, వీటిలో ఏది ఉన్నా సాయంత్రం దాకా ఆగకు. ధనుర్వాతం ఇంజెక్షను తీసుకున్నావా? మన ఇంట్లో షుగరు ఉంది, తాతయ్యకీ ఉంది, పెదనాన్నకీ ఉంది. పరగడుపున ఒకసారి రక్తం పరీక్ష చేయించు. పుండు మానకపోవడానికి అదొక కారణమని నీకు చెప్పాల్సిన వయసు వచ్చింది.

గుణుపురం పెదనాన్న పెరట్లో సువర్ణరేఖ మామిడి గురించి నీకు సగమే తెలుసు. చెట్టు పోయింది, మళ్లీ బతికింది అని మాత్రం విన్నావు. అసలు జరిగింది వేరు. ఆ చెట్టు మొదలు మీద, మనిషి ఛాతీ ఎత్తులో, ఒక వర్షాకాలం జిగురు కారడం మొదలైంది. మొదట తేనె రంగు పూసలు, తరవాత గోధుమరంగు గడ్డలు. పిల్లలు వాటిని గిల్లి ఆడుకునేవాళ్లు. పెదనాన్నకి ఇల్లూ వాకిలీ శుభ్రంగా ఉండాలి కదా, ఆ జిగురు, దానికి పట్టే చీమలు చూస్తే చిరాకు. గోడకి పని చేస్తున్న మేస్త్రీని పిలిచి ఆ చోటంతా సిమెంటు పూయించాడు. పైన చక్కగా నునుపు చేయించి సున్నం కూడా కొట్టించాడు. ఇంక కారడం కనపడలేదు. రెండేళ్లు అందరూ చెట్టు బాగుపడిందనే అనుకున్నారు.

మూడో ఏడు పూత ఒకవైపే వచ్చింది. రెండోవైపు కొమ్మల ఆకులు చిన్నవయ్యాయి, పసుపు తిరిగాయి. చెట్టు మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి రాలుతోంది. తోటల పని తెలిసిన ఒకాయన వచ్చి చూసి, ముందు సిమెంటు ఊడగొట్టమన్నాడు. ఊడగొట్టేసరికి నల్లటి కుళ్లు నీళ్లు వచ్చాయి, వెనక కర్ర మెత్తగా పుట్టగొడుగు వాసన వేస్తోంది. లోపల కాండం తొలిచే పురుగు సొరంగాలు. నీ చిటికెన వేలు పట్టేంత వెడల్పు ఉన్నాయి. పురుగు తొలిచిన చోటునుంచి చెట్టు దాన్ని తోసెయ్యడానికి జిగురు ఊరిస్తోంది, ఆ జిగురే చెట్టు వేసుకుంటున్న కట్టు. సిమెంటు పూసి ఆ దారి మూసేస్తే పురుగు లోపలే పెరిగింది, తడి లోపలే నిలిచింది, బూజు పట్టింది.

ఆయన చేసిన వైద్యం చెప్పాలి, నీకు ఎప్పుడైనా పనికొస్తుంది. సైకిలు చువ్వ కొసని కొక్కెంలా వంచి సొరంగంలోకి పంపి తెల్లటి లావుపాటి పురుగులు మూడింటిని లాగాడు. కిరసనాయిలులో ముంచిన దూది కన్నంలో పెట్టి పైన తడిమట్టి అద్దాడు. కుళ్లిన బెరడు అంతా పదునైన కత్తితో చెక్కాడు, తెల్లటి గట్టి కర్ర కనపడేదాకా. తరవాత బోర్డో ముద్ద. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీళ్లలో ఒక ప్లాస్టిక్ బకెట్లో, కిలో సున్నం ఇంకో 5 లీటర్లలో వేరే బకెట్లో. ఇనప పాత్ర వాడకూడదు, తుత్తం దాన్ని తినేస్తుంది. రెండూ చల్లారాక కలిపి, మెరుగు పెట్టిన కత్తి ఒక నిమిషం ముంచి చూడాలి. కత్తి మీద రాగి రంగు పూత పడితే సున్నం చాలలేదని, ఇంకాస్త కలపాలి. ఆ ముద్ద బ్రష్షుతో పూసి వదిలేశాడు. మూతలు లేవు, సిమెంటు లేదు. మళ్లీ జిగురు కారింది. పెదనాన్న కంగారుపడితే "కారనివ్వండి, రంగు మాత్రం రోజూ చూడండి" అన్నాడట. నల్లటిది గోధుమరంగు అయింది, గోధుమరంగు తేనెరంగు అయింది, కొన్ని వారాలకి దానంతటదే ఆగింది. ఇప్పుడు ఆ చెట్టు కాయలే నీకు ఏటా అట్టపెట్టెలో వస్తున్నవి.

నీ కాలి మీద ఎవరైనా ఏదైనా గట్టిగా కప్పేసి, పైకి తడి కనపడకుండా చేసి, బాగైపోయిందని చెబితే నమ్మకు.

చెప్పాలనుకుని మరిచిపోతాను, ఈ క్రియ వాడుక. దీన్ని రెండు రకాలుగానూ రాయొచ్చు. బెరడు జిగురుని ఎక్స్యూడ్ చేస్తుంది అనొచ్చు, జిగురు బెరడునుంచి ఎక్స్యూడ్ అవుతుంది అనీ అనొచ్చు. ఎక్స్యూడ్ అవుట్ అనకూడదు, బయటికి అనే అర్థం ఎక్స్‌లోనే ఉంది. స్పెల్లింగులో హెచ్ రాదు. ఎక్స్యూడ్ కాన్ఫిడెన్స్ అంటారు చూడు, ధైర్యం మనిషి ఒంట్లోంచి చెమటలా తెలియకుండానే పైకి తేలుతోందని. అందుకే ఆ మాట ఇంకొకరు మన గురించి అనాలి. ఉద్యోగం దరఖాస్తుల్లో "నేను ధైర్యం ఎక్స్యూడ్ చేస్తాను" అని పిల్లలు రాసుకుంటున్నారు, అది తప్పు. ఆప్యాయత, హుందాతనం, ఆకర్షణ, వీటితోనూ బాగా కుదురుతుంది. 

ఉపన్యాసమైపోయింది. నీకు చిన్నప్పటినుంచీ ఇష్టం లేనిదదే, తెలుసు. దెబ్బ తగిలిందని చెబితే బండి వద్దంటామని దాచావేమో. బండి గురించి ఇప్పుడు ఒక్క మాటా అనను. హెల్మెట్ ఉందా లేదా అనేది మాత్రం రాయి.

అమ్మ పార్సిలు కట్టింది. జీడిపప్పు, వేరుశనగ ఉండలు, కందిపొడి, మాగాయ. ప్రోటీను లేకపోతే పుండు మానదని రోజుకి రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు తినమంటోంది. కాలు వేలాడదీసి కంప్యూటరు ముందు కూర్చోకు, ఎదురుగా స్టూలు వేసుకుని దిండు మీద పెట్టు. కిందికి వేలాడితే రసి ఎక్కువ దిగుతుంది. పార్సిలులో పారఫిన్ గాజ్ ఒక డబ్బా, సెలైన్ సీసాలు రెండు కూడా ఉన్నాయి, మాగాయ సీసాకి దూరంగా చుట్టాను.

రేపు కట్టు మార్చినప్పుడు కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో, ఫ్లాష్ లేకుండా రెండు ఫొటోలు తియ్యి. ఒకటి పుండుది, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, అమ్మకి కొలత తెలియడానికి. ఇంకోటి విప్పిన కట్టుది, లోపలివైపు పైకి తిప్పి. కట్టు మీది రంగే ముఖ్యం అంటోంది. నాకు కాదు, అమ్మ నంబరుకే పంపు. ఫోను ఛార్జింగు పెట్టి దిండు పక్కనే ఉంచుకుంది.

నాన్న

అమ్మ చివర్లో రాయమంది: కుట్లు తీశారా, ఎన్ని కుట్లు, ఎప్పుడు తీశారు. ఈ మూడూ ముందు రాసి, మిగతావి తరవాత రాయి.